సారయ్య బ్యాడ్జి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకున్న సారయ్య బ్యాడ్జిలో పద్నాలుగు మిల్లీసీవర్టుల రేడియేషన్ తేలిందని ఫిబ్రవరి మొదటి వారంలో రిపోర్టు వచ్చింది. అదే షెడ్డులో పనిచేసే మిగతా ముగ్గురి బ్యాడ్జిల్లో ఏమీ లేదు. మూడు నెలల్లో పది దాటితే మనిషిని ఆ పని నుంచి తప్పించి, ఎందుకు దాటిందో తేల్చాలి. తేల్చాల్సింది నేను.

నా పేరు ధాత్రి. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి ఒక సందులో, మూడు కోచింగ్ సెంటర్ల నెత్తిన ఉంది మా ఆఫీసు. రేడియేషన్ వాడే ఫ్యాక్టరీలకు వెళ్ళి అక్కడివాళ్ళకు క్లాసులు పెట్టి జాగ్రత్తలు చెప్పడం నా పని. దూరంగా ఉండండి, తక్కువసేపు ఉండండి, మధ్యలో అడ్డు పెట్టుకోండి. తొమ్మిదేళ్ళుగా ఇదే పాట. బాగా చెబుతానని కాస్త పొగరు కూడా ఉంది.

సనత్‌నగర్‌లోని ఆ షెడ్డులో పైపుల అతుకుల్లో పగుళ్ళున్నాయేమో పరీక్షిస్తారు. అందుకు వాడే బరువైన పెట్టెను కెమెరా అంటారు. దానిలో గోరంత రేడియోధార్మిక గుళిక ఉంటుంది. మూసి ఉన్నా పెట్టె ఒంటి మీద కొంత రేడియేషన్ ఉంటుంది, నాలుగడుగులు జరిగితే చాలావరకు తగ్గిపోతుంది. మనిషికి ఎంత తగిలిందో చొక్కాకు పెట్టుకున్న బ్యాడ్జి చెబుతుంది.

నేను వెళ్ళేసరికి సారయ్య స్టోర్స్‌లో బోల్టులు ఏరుతున్నాడు. యాభై దాటిన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పెట్టె తెరిచి ఉండగా ఎప్పుడైనా దగ్గరికి వెళ్ళారా సారయ్యగారూ?"

"లేదు మేడం."

"బ్యాడ్జి ఎక్కడైనా వదిలేశారా?"

"లేదు మేడం. పానం లెక్క చూస్కుంట."

ఓనరు మహిపాల్ అందుకున్నాడు. "మస్తు పద్ధతి మనిషి మేడం. ఇరవై ఏండ్ల సంది చేస్తుండు. జర చూడున్రి."

చూడటానికేముంది? పద్నాలుగు గాల్లోంచి ఊడిపడదు. అబద్ధం చెబుతున్నాడనుకుని చిర్రెత్తుకొచ్చింది. ఇంకో రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అదే గుమ్మం, అదే జవాబు.

పన్నెండో రోజున ఆయన భార్య మంగవ్వ మా మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీర్చుకోకుండానే మొదలుపెట్టింది.

"మా ఇంటాయన పాపను ముట్టుకుంటలేడు మేడం. మా బిడ్డ వనిత కాన్పుకొచ్చింది. పాప పుట్టినంక నాల్గు దినాలు ఒళ్ళోంచి దించలే. మీ కాయితం వచ్చిన కాంచి డాబా మీద పండుతుండు. కంచం వేరు, చెంబు వేరు. తన ఒంట్లకెల్లి అది పాపకు ఎక్కుతదంటడు. దూరముండాలెనని మీరే చెప్పిన్రంట."

కుర్చీ లాగి కూర్చోమన్నాను.

"దేవుని లెక్క మొక్కిన పెట్టె గిట్ల జేసిందని ఒకటే ఏడుపు. చూడున్రి, దసరాకు పంపిండు," అని ఫోన్ చూపించింది.

ఫొటోలో కెమెరా పెట్టెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పైన నిమ్మకాయ. నిమ్మకాయ పక్కన, కుంకుమ బొట్టుతో, సారయ్య బ్యాడ్జి.

వాళ్ళుండే పంజాగుట్ట పక్క స్టేషనే. మంగవ్వ వెంట మెట్రో ఎక్కాను. వాళ్ళిల్లు ప్రతాప్‌నగర్‌లో రెండు గదులు. సారయ్య డాబా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి రెండు మెట్లు పైకి జరిగాడు.

"ఈ బ్యాడ్జిని పెట్టె మీద ఎన్ని రోజులుంచారు?"

"మూడు దినాలు. పనిముట్లన్నీ పూజల పెట్టి, అర్రకు తాళమేసినం. దసరా ఎల్లినంకనే తీసిన. పూజల పెట్టినయి నడుమల కదిలిస్తరా మేడం?"

"వదిలేశారా అని అడిగితే లేదన్నారుగా?"

"పూజల పెట్టుడు వదిలేసుడెట్లయితది?"

నిజమే, పూజలో పెట్టినవి కదిలించరు. మా ఇంట్లోనూ పుస్తకాలు పూజలో పెడితే దశమి దాకా ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ పెట్టె మీద గంటకు ఎంత ఉంటుందో నేనే కొలిచాను. డెబ్భై రెండు గంటలకు హెచ్చవేస్తే పద్నాలుగుకు అటూ ఇటూ.

"అది పెట్టె మీదున్న బ్యాడ్జికి తగిలింది సారయ్యగారూ. మీకు కాదు. ఇదే రాసి పంపిస్తాను, మళ్ళీ మీ పనిలోకి వెళ్ళొచ్చు."

పని సంగతి ఆయనకు పట్టినట్టు లేదు. "అయితె పాపను ఎత్తుకోవచ్చా?"

"మీకు తగిలినా ఎత్తుకోవచ్చు. ఎక్స్‌రే తీయించుకున్నవాళ్ళను ఇంట్లో దూరం పెడతామా? గుళికకు దగ్గరగా ఉన్నంతసేపే తగిలేది. అది పెట్టెలో భద్రంగా ఉంది. మీ ఒంట్లోంచి ఇంకొకరికి పాకేదేమీ లేదు."

సారయ్య నా మొహంలోకి చూశాడు. "గీ ముక్క క్లాసుల చెప్పలే మేడం."

చెప్పలేదు. రెండు గంటలు మాట్లాడాను, నలభై స్లైడ్లు చూపించాను. ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవచ్చని ఒక్కదాంట్లోనూ లేదు. సిగ్గేసింది.

"మీరు సుత గా పెట్టె కాడికి పోతరు గద?"

"తొమ్మిదేళ్ళుగా."

"అయితె ముందుగాల మీరు ఎత్తుకోన్రి."

లోపల వనిత ఒకసారి తండ్రి వైపు, ఒకసారి నా వైపు చూసి పాపను నా చేతుల్లో పెట్టింది. అంత పసిగుడ్డును ఎప్పుడూ ఎత్తుకోలేదు. మంగవ్వ నా మోచేతిని సరిచేసి పాప తల కింద ఆనించింది. సారయ్య గుమ్మం బయట నుంచి నన్నే చూస్తున్నాడు. ఆయనకు నమ్మకం కుదిరేదాకా అలాగే నిలబడ్డాను.

కాసేపటికి నల్లా దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. వద్దనలేదు నేను. వచ్చి చేతులు చాపాడు.

"పన్నెండు దినాలు నీ ఏడుపు డాబా మీదికెల్లి విన్ననే, తల్లీ," అన్నాడు పాపతో.

నేను ఆఫీసుకు వచ్చి రిపోర్టు పూర్తి చేశాను. కారణం అన్నచోట రెండు రాశాను. ఒకటి, బ్యాడ్జిని పూజలో పెట్టడం. రెండు, నేను చెప్పిన క్లాసు.