ఎడమవైపు బల్లలు

అయిదో రోజు మధ్యాహ్నానికి ఆ గదిలో గాలి ఆడటం మానేసింది. తలుపు తీసే ఉంది. యూదుల్లో చావు జరిగిన ఇంటికి ఏడు రోజులూ గడియ పెట్టరు. పరామర్శకి వచ్చినవాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. పెర్లా, ఆమె కూతురు గిట్లా మాత్రం నేలకి జానెడెత్తున్న పీటల మీద కూర్చున్నారు. సమాధి దగ్గర చింపుకున్న జాకెట్లే ఇద్దరి ఒంటి మీదా ఉన్నాయి. అద్దానికి దుప్పటి కప్పారు. కిటికీ కింద కుట్టుమిషను ఊరికే పడి ఉంది. చొక్కాకి నలభై గ్రోషుల చిల్లర లెక్కన ఇద్దరు పిల్లల్ని యూనివర్సిటీ గుమ్మం ఎక్కించిన మిషను అది. ఈ ఏడు రోజులూ పెర్లా దాన్ని ముట్టుకోకూడదు.

పోయినవాడు ఆమె కొడుకు జెలిగ్. న్యాయశాస్త్రం చదివేవాడు. ఆ ఏడాది శరత్తులో యూదు విద్యార్థుల గుర్తింపు పుస్తకాల మీద యూనివర్సిటీ ఒక ముద్ర గుద్దింది. ఇకమీదట వాళ్ళు ఎడమవైపు బల్లల మీదే కూర్చోవాలి. జెలిగ్ ఆ బల్లల దగ్గరికే వెళ్ళలేదు. గోడ పక్కన నిలబడి పాఠం విన్నాడు. అతన్ని చూసి తక్కిన యూదు పిల్లలూ నిలబడ్డారు. నెల తిరక్కుండానే యూదులంటే గిట్టని విద్యార్థులు యూనివర్సిటీ మెట్ల దగ్గర కర్రలతో కాపు కాసి అతని తల పగలగొట్టారు. చూసినవాళ్ళు వందమంది, సాక్ష్యం చెప్పినవాడు ఒక్కడూ లేడు. చదువుకున్నవాళ్ళ ఊరు కదా, ఎవరి పరీక్షలు వాళ్ళవి.

వకీలు ఫెల్డ్‌బ్లూమ్ టోపీ సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. యూదు విద్యార్థుల సహాయ సంఘానికి ఆయనే పెద్ద. గురువారం సాయంత్రాలు చురుకైన పిల్లల్ని ఏరి కూర్చోబెట్టి నాయకత్వం నేర్పేవాడు. అధికారి ముందు గొంతు ఎంతవరకు ఎత్తాలి, అర్జీ ఏ మాటతో మొదలుపెట్టాలి, అన్నీ చెప్పేవాడు. జెలిగ్ ఆయన ముద్దుల శిష్యుడు. అర్జీల సంగతి ఎటు పోయినా, ఆయన చెప్పిన ఒక మాట మాత్రం జెలిగ్‌కి వంటబట్టింది. "నాయకుడు కూర్చునేదాకా తక్కినవాళ్ళు కూర్చోరు. అదే వాడి గుర్తు." చెప్పిన పాఠం ఒకడు నిజంగా నేర్చేసుకుంటాడని గురువుగారు అనుకోలేదు, పాపం.

ఇప్పుడు ఆ పిల్లలంతా అదే తరగతిలో చదివే జెలిగ్ చెల్లెలి వైపు చూస్తున్నారు. గిట్లా వెళ్ళి ఎడమవైపు కూర్చుంటే అందరూ కూర్చుంటారు. నిలబడితే అందరి పేర్లూ కొట్టేస్తామని యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. మెట్ల దగ్గర కర్రలు కూడా ఎక్కడికీ పోలేదు. వకీలు వచ్చింది ఆ మాట చెప్పడానికే.

కానీ చెప్పేదెలా? దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా వచ్చినవాళ్ళు పలకరించకూడదు. కోర్టులో ఆయన నోటికి అడ్డం ఉండదు, ఇక్కడ ఆచారం అడ్డం పడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. గిట్లాకి ఆయన ఎందుకొచ్చాడో తెలుసు. నేల వైపు చూస్తూ కూర్చుంది. ఎదురింటావిడ ఉడికించిన గుడ్లు తెచ్చి పెట్టి వెళ్ళింది. అవి చల్లారిపోయాయి. వకీలు అలాగే నిలబడ్డాడు.

చివరికి పెర్లా నోరు తెరిచింది.

"చెప్పండి బాబూ. అది మాట్లాడదు. నేను మాట్లాడుతున్నాగా, చెప్పండి."

గిట్లా చివ్వున తల ఎత్తింది. "అమ్మా!"

"నువ్వూరుకో. ఆయన మాట నేనూ వింటాను."

వకీలు నేల మీద చతికిలబడ్డాడు. అంత మంచి కోటుతో ఆయన అలా కూర్చోవడం ఎవరూ చూడలేదు. "ఎల్లుండి నువ్వు కూర్చోవాలి తల్లీ. ఒక్క ఏడాది ఓర్చుకో. డిగ్రీ చేతికొచ్చాక పోరాడదాం."

"గురువారం పాఠంలో ఇది లేదుగా, వకీలుగారూ?" అంది గిట్లా.

"పాఠాలకేం, నోటికొచ్చినవి చెప్తాం! ఇంకో పిల్లని పాతిపెట్టే ఓపిక నాకు లేదమ్మాయ్." ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అది నటన కాదు.

పెర్లా కూతురి మోకాలు పట్టుకుంది. "కూర్చోవే తల్లీ. బల్లదేముంది, చెక్కేగా! ఎడమైతే ఏంటి, కుడైతే ఏంటి? వాడు ఎంత చెప్పినా వినలేదు. నువ్వైనా విను."

తల్లి ఏడుపు చూసి గిట్లా గుండె నీరైపోయింది. మోకాలి మీది ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా, అన్న కోసం నేల మీద కూర్చోమన్నారు, కూర్చున్నా. ఇక్కడ ఏడేళ్ళు కూర్చోమన్నా కూర్చుంటా. ఆ బల్ల మీద కూర్చుంటే ఎవరి కోసం కూర్చున్నట్టు? వాణ్ణి కొట్టినవాళ్ళ కోసమేగా?"

వకీలు లేచి, యెరూషలేము కోసం దుఃఖించే వారందరితో పాటు దేవుడు మిమ్మల్నీ ఓదార్చుగాక అని ఆనవాయితీ మాట గొణిగి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా పెర్లా కూతురి మొహం చూడలేదు.

ఏడో రోజు పొద్దున్న ప్రార్థన మందిరం నుంచి మత్తెస్ తాత వచ్చి, "లేవండమ్మా, ఇక లేవండి" అన్నాడు. లేచారు. ఆచారం ప్రకారం తల్లీ కూతుళ్ళు మంచులో సందు చుట్టూ ఒకసారి నడిచి ఇంటికొచ్చారు. గిట్లా పుస్తకాలు సర్దుకుంటోంది.

"నీ టోపీ ఏదే?" అంది పెర్లా.

"ఎందుకమ్మా?"

"అడిగింది ఇవ్వవే."

ఉన్ని టోపీ లోపలి గుడ్డ కుట్లు విప్పింది. దిండు చింపి గుప్పెడు దూది తీసింది. దాన్ని పరిచి, ఒత్తి, ఇంకో గుప్పెడు పెట్టింది. ఏడు రోజుల తర్వాత మిషను మొదటిసారి కదిలింది. జాకెట్టు చినుగు జోలికి మాత్రం పోలేదు. దాన్ని కుట్టడానికి ఇంకా నెల నిండాలి. టోపీ కూతురి తలకి పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి చూసింది. చాలదనిపించిందేమో, మళ్ళీ తీసి ఇంకాస్త కూరింది.

"బరువుగా ఉందా?"

"లేదమ్మా."

"ఉండాలే. బరువుండాలి," అంది పెర్లా. అని భోరుమంది.

ఆ రోజు మెట్ల దగ్గర కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు, ఈమె కూడా కూర్చోవడానికే వస్తోందనుకున్నారేమో, దారి ఇచ్చారు. గిట్లా తరగతిలోకి అడుగు పెట్టింది. ఎడమవైపు బల్లలు నిండి ఉన్నాయి. ఆమె లేని వారంలో ఒక్కొక్కరే కూర్చుండిపోయారు. ఆమె స్నేహితురాలు దోరా కూడా కూర్చుని తల దించుకుంది. ఎవరినని తప్పుపడుతుంది? వాళ్ళ ఇళ్ళలో కూడా మోకాళ్ళు పట్టుకునే అమ్మల చేతులున్నాయి.

గిట్లా ముందుకి నడిచి, అన్న నిలబడిన చోటే గోడకి చేరి నిలబడింది. ప్రొఫెసరు ఒకసారి చూసి కాగితాలు తిరగేశాడు. పాఠం మొదలైంది. ఏడు రోజులు మడిచి ఉంచిన మోకాళ్ళు బిగించి ఆమె పుస్తకం తెరిచింది.

వెనక ఎడమవైపు ఒక బల్ల కిర్రుమంది. ఎవరో లేస్తున్నారో, ఆలస్యంగా వచ్చినవాళ్ళు సర్దుకు కూర్చుంటున్నారో తెలియలేదు. ఆమె తిరిగి చూడలేదు.