ఎర్ర పెన్సిల్ గుర్తు

బిక్షపతి రిటైరై ఏడాది దాటింది గానీ, ఆయన చేతులు ఇంకా ఆ సంగతి ఒప్పుకోలేదు. నాచారంలోని రెండు గదుల ఇంట్లో చేతికి దొరికిన ప్రతి చెక్కకూ ఏదో ఒక ఆకారం వస్తూనే ఉంది. ముప్పై నాలుగేళ్లు ఆయన మల్లాపూర్‌లో ఒక ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకర్‌గా చేశాడు. అంటే, ఇనుముతో ఏ వస్తువు పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో చేసి ఇచ్చేవాడన్నమాట. ఆ చెక్క బొమ్మను ఇసుకలో అద్ది తీస్తే మిగిలే గుంతలో కరిగిన ఇనుము పోస్తారు. పోత చల్లారితే కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి ఆ పనివాళ్ల దగ్గర వేరే స్కేలు ఉంటుంది. అది మామూలు స్కేలు కంటే నూటికి ఒక వంతు పెద్దది. బిక్షపతి తన వంటగది అలమారాకు కూడా అదే ఇత్తడి స్కేలుతో కొలిచి తలుపు చేశాడు. పదకొండేళ్లుగా ఆ తలుపు పట్టడం లేదు. భార్య సారలమ్మ వచ్చిన చుట్టాలందరికీ ఆ ముచ్చట చెబుతుంది. ఆయనకు మాత్రం దాన్ని చిత్రిక పట్టి తగ్గించడానికి మనసొప్పదు.

అటువంటి మనిషి దగ్గరికి ఒక ఆదివారం పొద్దున కూతురు హరిత ఒక కాగితం పట్టుకొచ్చింది. హరిత ఉప్పల్ బస్ డిపో దగ్గర ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. ఆ బడి ప్రిన్సిపాల్ త్రిపురసుందరిగారికి ఈ ఏడు లియొనార్డో డావిన్సీ మీద ప్రేమ పుట్టింది. కిందటేడు ఆవిడకు చందమామ మీద పుట్టింది, అంతకుముందు ఏడు చిరుధాన్యాల మీద. ఆవిడకు ప్రేమ పుట్టినప్పుడల్లా బడిలో ప్రదర్శన పెడతారు. ఒక తరగతికి సన్నగా నవ్వే ఆడమనిషి బొమ్మ, ఒక తరగతికి ఎగిరే రెక్కలు పంచగా, హరిత తరగతికి యుద్ధబండి వచ్చింది. తాబేటి చిప్పలాంటి కప్పు, చుట్టూ ఫిరంగులు, లోపల ఎనిమిది మంది మనుషులు నిలబడి పిడులు తిప్పితే చక్రాలు కదలాలి. ఆ బండిని ఇప్పుడు చెక్కతో, బల్ల మీద పట్టేంత సైజులో చేయాలి. అది నడవాలి.

"ఎవలీయన?" అని అడిగాడు బిక్షపతి.

"ఇటలీ ఆయన నాయినా. ఐదు వందల ఏండ్ల కిందటోడు. బొమ్మలేస్తుండె, మిషన్లు గీస్తుండె. ఎడమచేతి వాటం. రాత గూడ కుడి నుంచి ఎడమకు రాస్తుండె, అద్దంల చూస్తె గనీ సదవరాదు."

తర్వాత ఆ వారమంతా హరిత సాయంత్రాలు కూర్చుని ఆయన కథ చెప్పింది, బిక్షపతి చెక్కలు ఏరుకుంటూ విన్నాడు. పెళ్లి కాని తల్లిదండ్రులకు పుట్టాడట. చిన్నతనంలోనే ఒక ఉస్తాద్ దగ్గర పనికి కుదిరి రంగులు నూరడం నుంచి మొదలుపెట్టాడట. ఇది బిక్షపతికి నచ్చింది. శవాలు కోసి నరాలు చూశాడట, నీళ్లు సుడి తిరగడం చూసి గీశాడట, వేల పేజీలు నింపాడట. ముగించిన పనులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. ఇది బిక్షపతికి నచ్చలేదు. అన్నిటికంటే ఆయన్ను పట్టి కూర్చోబెట్టింది గుర్రం సంగతి. ఒక దొర కోసం ఆయన కంచు గుర్రం పోత పోయాలనుకుని, ముందు మట్టితో రెండంతస్తుల ఇల్లంత గుర్రాన్ని నిలబెట్టాడు. ఇంతలో యుద్ధం వచ్చి, ఆ కంచంతా ఫిరంగులకు పోయింది. గెలిచిన సిపాయిలు మట్టి గుర్రానికి గురిపెట్టి బాణాలు వేసుకున్నారు.

"ఎన్ని టన్నులుండె కంచు?"

"డెబ్బై టన్నులంటరు."

"ఒక్క పోతల పోద్దామనుకున్నడా?"

"అవునంట."

 ఆ గుర్రం పోయినందుకు బిక్షపతికి నిజంగానే బాధ కలిగింది. తమ ఫౌండ్రీలో మూడు టన్నుల పోత రోజు అందరూ ఉపవాసం ఉండేవాళ్లు.

బండి డ్రాయింగును మాత్రం ఆయన రెండు రోజులు ముందు పెట్టుకుని చూశాడు. పిడి నుంచి పళ్లచక్రానికి, పళ్లచక్రం నుంచి బండిచక్రానికి వేలు పెట్టి నడిపించాడు. మంగళవారం మధ్యాహ్నానికి విషయం తేలింది. లోపలి మనుషులు పిడులు తిప్పితే ముందు చక్రాలు ముందుకు, వెనక చక్రాలు వెనక్కి తిరుగుతాయి. బండి ఉన్నచోటే ఉంటుంది.

హరితకు చెబితే ఆమె తేలిగ్గా తీసుకుంది. "ఆ సంగతి అందరికి ఎర్కనే నాయినా. పగోళ్ల చేతుల పడితె వాళ్లకు పనికి రావద్దని కావాలనే తప్పు గీసిండంటరు కొందరు. మరిచిండంటరు కొందరు. ఒక పళ్లచక్రం ఇవతలి నుంచి అవతలికి మారిస్తె అయిపాయె."

"డ్రాయింగ్ మార్చాల్నంటె గీసినోని సంతకం కావాలె."

"గీసినాయన్ను యాడికెళ్లి తెస్తం?"

"సంతకం లేకుంట చెక్క ముట్టరాదు."

హరిత నవ్వి ఊరుకుంది. తండ్రి చాదస్తం అనుకుంది. ఆయన గొడవ ఇటలీ ఆయనతో కాదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ప్యాటర్న్ షాపులో ఒక పద్ధతి ఉండేది. డ్రాయింగులో తప్పు కనబడితే దాని చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, కింద సంతకం చేసి, గీసినవాడికి తిప్పి పంపాలి. అతను దిద్ది సంతకం చేసేదాకా పని ఆపాలి. ఇరవై ఏళ్ల కింద బిక్షపతి దగ్గరికి ఒక పంపు డ్రాయింగు వచ్చింది. పైనుంచి చూసిన బొమ్మలో నీళ్లు బయటికి వచ్చే మూతి కుడివైపుకు ఉంది, పక్కనుంచి చూసిన బొమ్మలో ఎడమవైపుకు ఉంది. అటువంటి పంపులు అంతకుముందు చేసినవాడు కాబట్టి, ఎడమ సరైనదని ఆయనకు తెలుసు. తిప్పి పంపితే నాలుగు రోజులు పోతాయి, ఆర్డరేమో తొందరది. ఎడమకే చేసేశాడు. పోతలు బ్రహ్మాండంగా వచ్చాయి. కాగితం మీద మాత్రం గుర్తు పెట్టలేదు.

రెండేళ్లకు ఆ ప్యాటర్న్ విరిగింది. కొత్తది చేసే పని ఉప్పలయ్యకు పడింది. పక్క బల్ల మీద పనిచేసే మనిషి, బిక్షపతి కంటే ఆరేళ్లు చిన్న, ఒకే గిన్నెలో తిన్న మనిషి. అతను పై బొమ్మ చూసి కుడికి చేశాడు. నూట పన్నెండు పంపులు తప్పుగా పోత పడ్డాయి. ఇదే డ్రాయింగుతో రెండేళ్లు సరైన పంపులు వచ్చాయి కదా, కాబట్టి కాగితం తప్పు కాదు, నీకే డ్రాయింగ్ చదవడం రాదు అని మేనేజరు అందరి ముందూ అన్నాడు. ఉప్పలయ్యను పనిలోంచి తీసేశారు. ఆ గదిలో బిక్షపతి కూడా నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. తన పని పోతుందేమోనని భయపడ్డాడు. అప్పటికి హరిత రెండో తరగతి.

పద్దెనిమిదేళ్లుగా ఆ ఒక్క మాట ఆయన నోట్లోనే ఉంది. ఇద్దరూ రెండు మూడు పెళ్లిళ్లలో కలిశారు, వానల గురించి మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఈ బండికి చిన్న పళ్లచక్రాలు నాలుగు కావాలి. వాటిని లేత్ మీద తిప్పి చేయాలి. పాత ఫౌండ్రీలో ప్యాటర్న్ షాపు ఎత్తేసి కంప్యూటర్ మిషన్ పెట్టారు. బిక్షపతి దిక్కులు చూస్తుంటే సారలమ్మే గుర్తు చేసింది. "అన్నోజిగూడల ఉప్పలయ్యకు లేత్ ఉంది గద. మంచాల కోళ్లు చేస్తుండట. ఇంత దోస్తువు, పోరాదు?"

ఆయనకు వద్దనడానికి కారణం దొరకలేదు. గురువారం ఉప్పల్‌లో ఘట్‌కేసర్ బస్సెక్కి, ఒళ్లో డ్రాయింగు, సంచిలో టేకు ముక్కలు పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి చెప్పకపోతే ఇక చెప్పేది లేదని ఆయనకు తెలుసు. అన్నోజిగూడ కొంచెం ఆలస్యంగా వస్తే బాగుండనిపించింది. బస్సు అరగంటకే దింపేసింది.

హైవే పక్కన రేకుల షెడ్డు. ఉప్పలయ్య జుట్టంతా రంపపు పొట్టు. చూడగానే నవ్వి లేచాడు.

"రా అన్నా, కూసో. చాయ్ తెప్పిస్త."

బిక్షపతి పని చెప్పి డ్రాయింగు తీశాడు. ఉప్పలయ్య దాని వైపు చూడలేదు.

"డ్రాయింగ్ పని నేను తీసుకోనన్నా. సైజులు నోటితోని చెప్పు, చేసిస్త."

"ఒక్కపారి సూడు తమ్మీ."

మర్యాద కోసం చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకాస్త వంగాడు. వేలు పిడి మీద పడింది, పళ్లచక్రం మీదికి జరిగింది, బండిచక్రం దగ్గర ఆగింది. రెండో వైపు కూడా అలాగే నడిచింది. బిక్షపతికి రెండు రోజులు పట్టిన పని అతనికి చాయ్ వచ్చేలోపు అయిపోయింది.

"ఇది నడవదన్నా. ముందలియి గిటు తిరిగితె ఎనుకటియి గటు తిరుగుతయ్." అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏమో మరి. నాకు సదవరాదు గద. నువ్వే ఇంకోపారి సూడు."

అతను ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. పేరు, ఊరు చెప్పినంత మామూలుగా అన్నాడు. బిక్షపతి సిద్ధం చేసుకున్న మాటలన్నీ అక్కడే పోయాయి.

"నీకు సదవొస్తది ఉప్పలయ్యా. గా పంపు డ్రాయింగే తప్పు. పై బొమ్మకు పక్క బొమ్మకు పడలే. నేను ముందే సూసిన. చెక్కల సరిజేసుకున్న, కాగితం మీద గుర్తు పెట్టలే. నిన్ను తీసేసిన దినం గా రూంల ఉండి గూడ నోరు తెరవలే."

లేత్ తిరుగుతూనే ఉంది. ఉప్పలయ్య వెళ్లి దాన్ని ఆపాడు.

"పద్దెనిమిదేండ్లు," అన్నాడు. "డ్రాయింగ్ పని తెచ్చినోళ్లను ఎనుకకు పంపిన. నా బిడ్డ ఇల్లు కట్టుకుంటు ప్లాను సూడు నాయినా అంటె గూడ సూడలే. నాకే రాదనుకున్న."

"తప్పైంది," అన్నాడు బిక్షపతి. 

ఉప్పలయ్య లేత్ దగ్గరి నుంచి వచ్చాడు. టేకు ముక్కలు తీసుకున్నాడు. బిక్షపతి అలవాటుగా అందించిన ఇత్తడి స్కేలును పక్కకు పెట్టి తన మామూలు స్కేలుతో కొలిచాడు. గంటలో నాలుగు చక్రాలు తయారయ్యాయి. వాటిని పేపర్లో చుట్టి బల్ల మీద పెట్టి, ఒక మంచం కోడు తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు. పోయి రా అని కూడా అనలేదు. బిక్షపతి తన చాయ్ తాను తాగి బస్సెక్కాడు. చెప్పేస్తే గుండె తేలికవుతుందని అందరూ అంటారు గానీ ఆయనకు ఇంకా బరువెక్కింది. తను పోగొట్టింది అతని పని ఒక్కటే అని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఇంటికొచ్చి పాత పెట్టెలోంచి ఎర్ర పెన్సిలు తీశాడు. తప్పుగా ఉన్న పళ్లచక్రం చుట్టూ సున్నా చుట్టాడు. కింద రాశాడు: తప్పు పట్టినది ఉప్పలయ్య, ప్యాటర్న్ మేకర్, అన్నోజిగూడ. దాని కింద తన సంతకం, తారీఖు. ఆ తర్వాతే చక్రాన్ని అవతలి వైపు బిగించాడు. భార్యకూ, కూతురికీ మొత్తం చెప్పేశాడు. సారలమ్మ ఆ పూట ఆయనతో మాట్లాడకుండా అన్నం పెట్టింది. హరిత ఉప్పలయ్య ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

శనివారం ప్రదర్శన. బల్ల మీద బండి, వెనక గోడకు ఎర్ర సున్నా ఉన్న డ్రాయింగు. పిడి తిప్పితే బండి బల్ల ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పిల్లలు వరసలో నిలబడి తిప్పారు. త్రిపురసుందరిగారు రెండుసార్లు తిప్పి, గోడ మీది కాగితం చదివారు.

"ఈ ఉప్పలయ్యగారు ఎవరండీ? ఐదు వందల ఏళ్లనాటి తప్పు పట్టేశారు?"

"గాయనే మేడం," అని బిక్షపతి గుమ్మం వైపు చూపించాడు.

ఉప్పలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎప్పుడొచ్చాడో వచ్చి నిలబడి ఉన్నాడు. అందరూ తిరిగి చూసేసరికి ముడుచుకుపోయాడు. ఆవిడ నమస్కారం పెడితే తిరిగి పెట్టాడు. బిక్షపతి వైపు చూడలేదు. వచ్చి గోడ దగ్గర నిలబడి తన పేరు చదివాడు, కింద ఉన్న సంతకం చదివాడు, మళ్లీ పైకి వెళ్లి తన పేరు చదివాడు.

తర్వాత పక్క బల్ల దగ్గరికి జరిగాడు. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలు గీసి అతికించిన రెక్కల డ్రాయింగు ఉంది. తాళ్లు, గిలకలు, కొలతలు. కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని చదవడం మొదలుపెట్టాడు. హరిత చాయ్ తెచ్చిస్తే చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయాడు. గిలక నుంచి గిలకకు వేలు నడుస్తోంది. ఒకచోట ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది.

బిక్షపతి దూరంగా నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి పోవాలో వద్దో తేలడం లేదు.

ఉప్పలయ్య తల తిప్పకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచాడు.

"అన్నా," అన్నాడు, "గా ఎర్ర పెన్సిల్ జర ఇటియ్యి."