ముత్యమ్మ తిట్టని ఏడు

రుద్రారం ఊరి బయట మూడెకరాల మోదుగుతోపు ఉండేది. ముత్యమ్మ బతుకంతా అందులోనే. కొత్తాకు ముదిరింది మొదలు రోజూ పొద్దున్నే గంపతో వెళ్లి తెంపుకొచ్చేది, మధ్యాహ్నం అరుగు మీద కూచుని పుల్లలతో విస్తళ్లు కుట్టేది, వారానికోసారి కట్టలు కట్టి పటాన్‌చెరులో పాండురంగం దుకాణానికి వేసేది. ఇరవై ఏళ్లుగా ఇదే పని.

చలి తగ్గేసరికి మోదుగు ఆకంతా రాల్చేస్తుంది. వంకర కొమ్మలు నల్లగా మిగులుతాయి. శివరాత్రి మర్నాడు ముత్యమ్మ కొంగు నడుముకు చుట్టి, తోపులో నిలబడి చెట్లను తిట్టేది. తిట్టు తగిలిన చెట్టు తగిలినట్టే పూసేది. తేనె కోసం చిలకలు, గోరింకలు ఎగబడేవి. హోలీకి రంగు కాచుకునేవాళ్లు "ముత్యమ్మ తిట్టిందా?" అని అడిగి మరీ పూలకు వచ్చేవారు.

డెబ్భై మూడులో ఆ పక్కన ఫ్యాక్టరీ కడతామన్నారు. తోపులో బతికున్న చెట్లుంటే ఆ జాగా వదిలెయ్యాలి, ఎండినవైతే ఫ్యాక్టరీకి తీసుకోవచ్చు. కొలవడానికి వచ్చిన సూర్యారావు గోదావరి జిల్లా మనిషి, అరిటాకులో తిని పెరిగినవాడు. మాఘమాసంలో వచ్చి, తోపు చూసి, "ఎండిపోయిన చెట్లు" అని రాసుకుపోయాడు.

ముత్యమ్మకు ఒళ్లు మండిపోయింది. పాండురంగమే ఆమెను ఆపాడు.

"ఆఫీసోళ్లతోని లొల్లి వెట్టుకుంటే పని గాదు ముత్యమ్మా. కోపం మింగు, దండం వెట్టు. హోలీ దాంక ఎవ్వర్ని ఒక్క మాట అనకు, చెట్లను గూడ. మిగతాది నేను సూస్కుంట."

ఆ పిచ్చిది నమ్మింది. నాలుగుసార్లు సంగారెడ్డి వెళ్లి, ఆఫీసు వరండాలో పొద్దుగూకేదాకా కూచుని, కనబడ్డ ప్రతి చొక్కాకూ దండం పెట్టింది. శివరాత్రి పోయింది. హోలీ ఇంకో వారం ఉందనగా కూడా తోపులో ఒక్క మొగ్గ విచ్చలేదు.

ఆ మంగళవారం సూర్యారావు గొడ్డళ్లవాళ్లను తీసుకుని వచ్చాడు. పక్కన పాండురంగం ఉన్నాడు.

"సారూ, ఇవి సావలే. ఆకు రాలింది, గంతే," అంది ముత్యమ్మ చేతులు జోడించి.

సూర్యారావు నిజంగానే నొచ్చుకున్నాడు. "నాకు ఈ చెట్ల సంగతి తెలియదమ్మా. అందుకే తెలిసినాయన్ని అడిగాను. మూడేళ్లుగా చిగురే వెయ్యలేదని ఈ శేటుగారు సాక్షి సంతకం పెట్టారు. రేపు ఫ్యాక్టరీలో క్యాంటీను నడిపేది ఆయనే. అబద్ధం ఎందుకు చెబుతారు?"

ముత్యమ్మ జోడించిన చేతులు విడిపోయాయి.

"నీ నోట్ల మన్నువడ పాండురంగం! మొన్న శ్రావణంల నీ బిడ్డ పెండ్లికి వెయ్యి ఇస్తార్లు ఈ ఆకుతోనే గదరా కుట్టిచ్చిన! మూడేండ్ల సంది చిగురు లేకుంటె మీ సుట్టాలంత దేంట్ల తిన్నరు? నా నోరు గట్టేసి నా చెట్లను సంపుతవా?"

పాండురంగం వెనకున్న చెట్టు మొదలు నుంచి చిటారు దాకా పూసింది. ముత్యమ్మ ఆగలేదు. వరండాలో మింగినదంతా బయటికొచ్చింది. ఒక్కో మాటకు ఒక్కో వరస ఎర్రబడుతూ పోయింది. ఎక్కడి నుంచో గోరింకలు దిగాయి.

గొడ్డళ్లవాళ్లు గొడ్డళ్లు కింద పెట్టారు. "పూసిన చెట్టును కొట్టం సారూ," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

సూర్యారావు రాతి మీద కూచుని కాగితం తీశాడు. "ఎండిపోయిన" అన్న మాట కొట్టేసి, పైన "బతికున్న" అని రాశాడు. తర్వాత లేచి చెట్లు లెక్కపెట్టుకుంటూ ఆ చివరిదాకా వెళ్లి, ఇబ్బందిగా వెనక్కి వచ్చాడు.

"అమ్మా, అటు చివర మూడు చెట్లు ఇంకా పూయలేదు. వాటినీ బతికున్నవిగా రాసుకుంటే ఫ్యాక్టరీ గోడ పూర్తిగా అవతలికి జరుగుతుంది."

ముత్యమ్మ చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుంది.

"శేటూ," అంది, "గా మూడు చెట్ల కాడికి రా."