బావ పెట్టిన వాటం

మా ఊళ్లో వాన నీళ్లకు నా అన్నవాళ్లు లేరు. తాగే నీళ్లకు ఒక విభాగం ఉంది, మురుగు నీళ్లకు ఒక విభాగం ఉంది, ఆఖరికి పార్కుల్లో బెంచీలకు రంగులేయించడానికి కూడా ఒక ఆఫీసరు, ఆయనకో జీపు ఉన్నాయి. ఆకాశం నుంచి పడే నీళ్లు మాత్రం ఎవరివీ కావు. వీధి మునిగిందని జనం ఫోన్ చేస్తే రోడ్ల వాళ్లు మురుగు వాళ్లను అడగమంటారు, మురుగు వాళ్లు రోడ్ల వాళ్లను అడగమంటారు. నేను రోడ్ల విభాగంలో ఇంజనీర్ని. ఆ తిట్లలో సగం వాటా నాది.

అలాంటిది, ఈ ఏడాది మా నగరపాలక సంస్థకు బుద్ధి పుట్టింది. వాన నీళ్లకంటూ ఒక విభాగం పెడదామని, అది ఎలా నడవాలో, ఎవరు ఎంత కట్టాలో తేల్చడానికి కన్సల్టెంట్లను పెట్టుకుందామని మేయరు గారు అన్నారు. సంగతి చాలా తేలిక. ఎవరి స్థలంలో కప్పూ కాంక్రీటూ ఎంత ఉందో, అంటే వాన నీటిని నేలలో ఇంకనివ్వకుండా ఎవరు ఎంత వీధిలోకి తోలేస్తున్నారో, దాన్నిబట్టి రుసుము. మట్టి నేల ఉంచుకున్నవాడి జోలికి ఎవరూ రారు. ఈ కబురు తెలిసినప్పుడు నేను ఆఫీసులో అందరూ చూస్తుండగానే గంతేశాను. ఈ వయసులో ఈవిడకిదేం పోయేకాలం అన్నట్టు చూశారు. చూడనీ.

నా ఆనందానికి కారణం మా అక్క. ఆఫీసు వెనకాల పల్లంలో ఒక వీధి ఉంది, ఆ వీధి చివర అక్క బైండింగు షాపు. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తుంది, కుట్టు ఊడినవాటికి మళ్లీ కుట్లు వేస్తుంది. ఆమె చేతిలో పడ్డ పుస్తకం ఇంకో తరానికి వస్తుందంటారు. రెండేళ్లుగా గట్టి వాన పడిందంటే చాలు, గుమ్మం దాటి నీళ్లు లోపలికొచ్చేస్తున్నాయి. కాగితానికీ నీళ్లకూ పొత్తు కుదురుతుందా. కింది అరలు ఖాళీ చేసింది, గుమ్మానికి గట్టు కట్టించింది, అయినా ఆగలేదు. విసిగిపోయి షాపు అమ్మకానికి పెట్టింది. కొంటానన్న ఫోన్ల దుకాణం ఆయన ఒక రోజు గడువు పెట్టి, ఆ పొద్దున్నే మాట చెప్పమన్నాడు. దానికి ముందు సాయంత్రమే కౌన్సిల్‌లో కన్సల్టెంట్ల మీద ఓటు. ఓటు అయ్యేదాకా ఆగవే అని అక్కను బతిమాలాను. సరే, మీ వాళ్లు ఒప్పుకుంటే అప్పుడు చూద్దాంలే అంది. ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నాను.

ఇక అడ్డు ఎవరయ్యా అంటే, మా బావ, అక్క మొగుడే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గానీ, నాకు మొదటి శత్రువు మా ఇంట్లోనే తయారయ్యాడు. బావ తాపీమేస్త్రీ. మామూలు మేస్త్రీ కాదు, ఊళ్లో సగం వాకిళ్లు, పెరళ్లు ఆయన కాంక్రీటు వేసినవే. మా ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. నేల పని పూర్తయ్యాక ఇంటివాళ్లు బకెట్‌తో నీళ్లు పోసి చూస్తారు. ఎక్కడా మడుగు కట్టకుండా నీళ్లన్నీ వీధిలోకి వెళ్లిపోతే మేస్త్రీ మొనగాడు. ఎక్కడైనా అరచేయంత నీళ్లు నిలిచాయా, వాడి పరువు గంగలో కలిసినట్టే. బావ పెట్టిన వాటం మీద, అంటే నేలకు ఇచ్చిన ఏటవాలు మీద, ఇంతవరకు చుక్క నిలవలేదు. రుసుము వస్తే జనం కాంక్రీటు మానేస్తారని, తన కూలీల నోట్లో మట్టి కొట్టినట్టేనని ఆయన కోపం. ఓటు నాటి సాయంత్రం మేస్త్రీలందరినీ వెంటేసుకుని కౌన్సిల్‌కు వచ్చి అడ్డుపడతానని భోజనాల దగ్గరే చెప్పేశాడు. నేను ఊరుకుంటానా, నాలుగు అంటించాను. ఆయన ఎనిమిది అంటించాడు. అక్క మాత్రం మా ఇద్దరికీ చెరో గరిటె వడ్డించి, తిని పోట్లాడుకోండి అంది.

ఓటు జరిగే రోజు మధ్యాహ్నం కన్సల్టెంట్లతో ముఖాముఖి. ఎంపిక చేసేది ముగ్గురం, మా చీఫ్ ఇంజనీరు, జమాఖర్చుల ఆఫీసరు, నేను. మొదట వచ్చింది పెద్ద కంపెనీ. తెర మీద బొమ్మలు చూపించారు. ఆ బొమ్మల్లో వాన కూడా ఇస్త్రీ చేసినట్టు పడుతోంది. జమాఖర్చుల ఆయనకు నిద్ర ముంచుకొచ్చింది.

రెండోది అత్తా అల్లుళ్ల కంపెనీ. నిజంగానే అత్త, అల్లుడు. ఆవిడకు అరవై దాటి ఉంటాయి, నెత్తిన తెల్లజుట్టు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఇలాంటి విభాగాలు వేరే ఊళ్లలో పెట్టించి వచ్చారు. అల్లుడు మాట్లాడుతుంటే ఆవిడ కిటికీలోంచి మబ్బుల్నే చూస్తోంది. టపటపా చినుకులు మొదలయ్యాయో లేదో, అల్లుడి కంప్యూటరు మూత టక్కున మూసేసింది.

"గదిలో కూర్చుని నీళ్ల గురించి చెప్పుకోవడమేంటండీ, అవతల నీళ్లే వస్తుంటే. పదండి పోదాం. అల్లుడుగారూ, ఆ సంచీ తీసుకోండి" అంది.

మా చీఫ్ తన కొత్త బూట్ల వంక చూసుకున్నాడు, ఆవిడ వంక చూశాడు, లేచాడు. నాకు లోపల ఈల వేయాలన్నంత హుషారు వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో వానలో తడవడానికి మా ఆఫీసు మెట్లు దిగిన అధికారిని అదే చూడటం.

సంచీలో ఎర్ర రంగు పట్టించిన రంపపు పొట్టు ఉంది. నీళ్లు ఎటు పోతాయో అది తేలుతూ చూపిస్తుందట. ఎక్కడ చల్లుదాం అంటే, ఎదురుగా ఉన్నది మా ఆఫీసు పార్కింగు స్థలమే. విశాలంగా, నున్నగా, అద్దంలా ఉంటుంది. వేసింది ఎవరో చెప్పనక్కర్లేదు. ఆవిడ గుప్పెడు పొట్టు విసిరింది. అది ఎక్కడా తడబడలేదు. అంత స్థలమూ జారుకుంటూ గేటు దాటింది, మూల తిరిగింది, పల్లంలోకి పడింది. మేం దాని వెనకాల పరుగు. ఆవిడ బూట్లతో ముందు, అల్లుడు గొడుగుతో ఆవిడ వెనక, చీఫ్ ప్యాంటు పైకెత్తుకుని, నేను చెప్పులు చేత్తో పట్టుకుని. జమాఖర్చుల ఆయన మెలకువగా ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. వీధి అరుగుల మీదివాళ్లు ఆఫీసు మొత్తానికి పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

పొట్టు వీధి చివరి దాకా పోయి, ఒక గుమ్మం ముందు సుడి తిరిగి, గట్టు మీంచి లోపలికి దూరింది. అది మా అక్క షాపు.

లోపల బావ స్టూలు మీద నిలబడి కాగితం కట్టలు పై అరలోకి ఎక్కిస్తున్నాడు. వాన పడితే పని ఆపి షాపుకు రావడం ఆయన అలవాటు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్క బకెట్‌తో నీళ్లు ఎత్తి పోస్తోంది. అక్క చీలమండల దగ్గర తేలుతున్న ఎర్ర పొట్టు చూసి ఇదేంటని బావ అడిగాడు. నేను చెప్పాను. కాస్త కసిగానే చెప్పాను.

"నా నేల మీంచా? కానే కాదు" అన్నాడు. ఊళ్లో నీళ్లన్నీ పల్లానికే వస్తాయి, ఇందులో నా ఒక్కడిదే వచ్చిందని ఎలా అంటావు, తిలా పాపం తలా పిడికెడు అని వాదించాడు. పెద్దావిడ సంచీ ఆయన చేతిలో పెట్టింది.

బావ భారీ మనిషి. ఆ మనిషి ఆ వానలో ఎగువకు పరుగెత్తడం చూడాలి. గేటు దగ్గర కాదు, పార్కింగు స్థలం అటు చివరికంటా వెళ్లి, తన చేత్తో తనే పొట్టు చల్లాడు. తర్వాత దానితోపాటు నడిచాడు. అది వేగం అందుకుంటే ఆయనా పరుగందుకున్నాడు. మధ్యలో ఎక్కడైనా ఆగుతుందేమో, పక్క కాలువలోకి మళ్లుతుందేమో అని నేనూ చూస్తున్నాను, ఆయనా చూస్తున్నాడు. ఆగితే ఒట్టు. తిన్నగా వచ్చి తన పెళ్లాం గుమ్మంలో పడింది. బావ గుమ్మం బయటే నిలబడిపోయాడు. దెప్పుదామనుకున్న నేను, ఆయన మొహం చూసి అక్క చేతిలో బకెట్ అందుకున్నాను.

సాయంత్రం కౌన్సిల్ హాలు కిక్కిరిసింది. మేం ముగ్గురం అత్తా అల్లుళ్ల కంపెనీకే సిఫారసు రాశాం. చీఫ్ సంతకం పెట్టేటప్పుడు కూడా బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చర్చ మొదలైంది. ఒక సభ్యుడు లేచి, ఇవాళ వాన మీద వేస్తారు, రేపు ఎండ మీద వేస్తారు, ఎల్లుండి గాలికి మీటరు పెడతారు అన్నాడు. హాలంతా నవ్వు. వెనక బెంచీల్లో మేస్త్రీలు చప్పట్లు కొట్టారు. ఇంకో ఇద్దరు గోడ మీద పిల్లుల్లాంటి సభ్యులు కూడా ఆ నవ్వులో కలిశారు. వాళ్లు అటు దూకితే ఓటు పోయినట్టే, అక్క షాపు పోయినట్టే.

అప్పుడు మేయరు గారు మేస్త్రీల తరఫున ఎవరు మాట్లాడతారని అడిగారు. బావ లేచాడు. బట్టలింకా ఆరలేదు. మైకు అందుకుని చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"నేను చెబుదామనుకుని వచ్చింది వేరే. అది వదిలేయండి. మీ పార్కింగు నేల వేసింది నేనే. వాటం పెట్టింది నేనే. బకెట్ నీళ్లు పోసి చూపించి మీ అందరితో శభాష్ అనిపించుకున్నాను. ఆ నీళ్లు గేటు దాటాక ఎటు పోతాయో నేనూ చూడలేదు, మీరూ అడగలేదు. ఈరోజు వాటి వెనకే వెళ్లాను. నా భార్య దుకాణంలోకి పోతున్నాయి."

ఈ ఊళ్లో సగం నేలలు నావి, మిగతా సగం నా వెనక కూర్చున్నవాళ్లవి, అందరమూ బాగా పని చేశాం, అదే వచ్చిన తంటా అన్నాడు. తర్వాత పెద్దావిడ వైపు తిరిగాడు.

"అమ్మా, నీళ్లను తోలేసే నేల వేయడం నాకు వచ్చు. నీళ్లు తాగే నేల వేయడం రాదు. మీరు నేర్పుతారా?"

తన మేస్త్రీలందరి ముందు, తాపీ పట్టినప్పటి నుంచీ నాకు రాదు అన్న మాట ఎరగని మనిషి అడిగాడు ఆ మాట. నాకు కళ్లు చెమర్చాయి. వాటం పెట్టడం వచ్చినవాళ్లకు నేర్పడం పెద్ద పనేం కాదని, విభాగం మొదలైతే అలాంటి నేలలకు ఊరినిండా గిరాకీ ఉంటుందని ఆవిడ చెప్పింది. మేస్త్రీల్లో గుసగుసలు బయల్దేరాయి. మేయరు గారు గొంతు సవరించుకుని, మరి మన పార్కింగు స్థలానికి కూడా రుసుము కట్టాలా అని మెల్లగా అడిగారు. అందరికంటే ముందు మీరే అంది ఆవిడ. ఈసారి నవ్వు మా వైపు నుంచి లేచింది. చేతులెత్తమన్నారు. గోడ మీద పిల్లులు రెండూ ఇటు దూకాయి. నెగ్గాం.

నేను సంతోషం పట్టలేక బల్లలు తోసుకుంటూ బయటికి పరుగెత్తాను, అక్కకు ఫోన్ చేద్దామని. ఫోన్ అక్కర్లేకపోయింది. వరండాలో స్తంభానికి ఆనుకుని అక్కే నిలబడి ఉంది, చేతిలో తడి గొడుగు. నేను నోరు తెరిచేలోపే బావ వచ్చాడు. ఆయనకు ఓటూ లేదు, నేనూ లేను. నేరుగా అక్క దగ్గరికి వెళ్లాడు.

"నీకో సంగతి చెప్పాలి. ఆ నీళ్లు ఇన్నాళ్లూ..."

"తెలుసు" అంది అక్క.

ఇద్దరం ఆమెను చూశాం. మొదటి వానకే గొడుగు వేసుకుని ఎగువకు వెళ్లి చూసొచ్చానని అక్క చెప్పింది. నాకు ఒళ్లు మండింది. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అని రెండేళ్లుగా నేను పటాలు వేసుకుని చస్తుంటే నాకో ముక్క చెప్పొచ్చు కదా అని అరిచాను. నీకు చెబితే ఈయన్ని బతకనిస్తావా అంది నాతో. ఆ తర్వాత బావతో అంది:

"ఆ నేల అయిన రోజు నన్ను తీసుకెళ్లి చూపించారు. గోళీ ఒకటి వదిలారు. ఎవరూ తోయకుండానే అది గేటు దాకా వెళ్లింది, మీరు దాని వెనకాలే చిన్నపిల్లాడిలా నడిచారు. మన పెళ్లిలో కూడా మీ మొహం అంత వెలగలేదు. అది చూశాక ఎలా చెప్పమంటారు? దుకాణం పోతే ఇంకో పని చూసుకోవచ్చులే అనుకున్నా."

బావ వరండా మెట్టు మీద కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ఆ కొనే ఆయన నంబరు ఇవ్వు, అమ్మడం లేదని నేనే చెబుతాను అన్నాడు.

"నేను చెప్పేశాను" అంది అక్క. "మీరు మాట్లాడుతుంటే తలుపు దగ్గరే నిలబడి విన్నా. మీరు నేర్పుతారా అని అడిగాక ఇంకక్కడ ఉండలేకపోయా. బయటికొచ్చి ఆయనకి ఫోన్ చేశా."

ఇక ఆగలేక నేను ఇద్దరి మధ్యకూ వెళ్లాను.

"అక్కా, ఓటు నెగ్గామే" అన్నాను.

"అవునా" అంది అక్క, మెట్టు మీద బావ పక్కన కూర్చుంటూ. "మంచిదే."