బొట్టు పెట్టిన మైక్రోస్కోపు

హన్మకొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రమాకాంత్ సారు పదకొండేళ్లుగా జీవకణం చరిత్ర చెబుతున్నాడు. రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో గదులు చూశాడనీ, లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి పోగులు లెక్కపెట్టే భూతద్దంతో మొదలుపెట్టి నీటిబొట్టులో ప్రాణులను కనిపెట్టాడనీ తేదీలతో సహా ఏకరువు పెడతాడు. తాను మాత్రం ఒక్కనాడూ మైక్రోస్కోపులో కన్ను పెట్టిన పాపాన పోలేదు. అది బీరువాలో భద్రంగా ఉంటుంది. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు సారే దాన్ని బయటికి తీసి, పసుపు రాసి, బొట్లు పెట్టి మళ్లీ తాళం వేస్తాడు.

ఈసారి దసరా పోయిన నెలకే ఇన్‌స్పెక్షన్ పడింది. అది మంచిగా గడిస్తే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చాడు. సారు కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

తనిఖీకి వచ్చిన పద్మలత మేడం ఉల్లిపొర చూపించమంది. అటెండర్ సోమక్క పొర ఒలిచి గాజుపలక మీద పరిచింది. సారు వంగి చూశాడు. అంతా ఎర్రటి చీకటి. కంటికి ఏమీ ఆనకపోతేనేం, పాఠం నోటికి వచ్చు కదా.

“కణకవచం కనవడ్తాంది మేడం. కేంద్రకం ఉన్నది. మైటోకాండ్రియా గూడ మస్తుగున్నయి.”

మేడం తనూ చూసి, తలెత్తింది. “ఈ మైక్రోస్కోపుల మైటోకాండ్రియా ఎట్ల కనవడ్డయి సార్? నాకైతే కుంకుమ తప్ప ఏం కనవడ్తలేదు.”

సారు మైక్రోస్కోపును పక్కకు వంచి చూశాడు. కింది అద్దాలకు తన చేత్తో పెట్టిన బొట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

సోమక్క కొంగుతో వాటిని తుడిచింది. ఆమె భర్త కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. భూతద్దంలో పోగులు చూడటం ఆమెకు కొత్త కాదు. మేడం చూడమంటే మర నెమ్మదిగా తిప్పి చూసింది.

“గదులు గదులుగున్నయి మేడం, ఇటుక గోడ లెక్క. కొన్నిట్ల మసకగ ఒక చుక్క ఉన్నది.”

“చూసినోళ్లు గిట్లనే చెప్తరు,” అంది మేడం సారు వైపు తిరిగి. రిపోర్టులో రెండే మాటలు రాసింది: మైక్రోస్కోపు బాగా పనిచేస్తోంది, లెక్చరర్‌ను వచ్చే ఏడు మళ్లీ చూడాలి.

ప్రిన్సిపాల్ పర్మనెంట్ ఊసే ఎత్తలేదు. అవమానంతో దహించుకుపోతూ సారు ల్యాబుకు వచ్చి, ఎవరూ లేరని చూసుకుని, కన్ను పెట్టాడు. గదులు నిజంగానే ఉన్నాయి. గంటయినా ఆయన స్టూలు దిగలేదు.

“తాళం ఎయ్యాలె సార్,” అంది సోమక్క.

“జర ఆగు సోమక్కా.”

“పదకొండేండ్ల సంది ఏడికి పోయింది సార్ అది? రేపు మాత్రం ఏడికి పోతది. లేవుండ్రి.”