మొదటి నీళ్ళు

టీ ఆకు మీద మరిగిన నీళ్ళు పోసి, పైన పళ్ళెం మూసి, సుబ్బరత్నం మూడొందలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వంటింట్లో గడియారం లేదు. ఉన్న ఒక్కటీ కొట్లో ఉంది, మగవాళ్ళ కాలం చూపించడానికి. ఆడవాళ్ళ కాలం నోటిలెక్క. నూట ఇరవై దాకా వచ్చిందో లేదో, "రత్నం, పప్పు అడుగంటుతోందేమో చూడు" అంటుంది అత్తగారు హనుమాయమ్మ. చూసొచ్చేసరికి లెక్క పోతుంది. మళ్ళీ ఒకటి నించి.

ఈ లెక్క నాలుగు నెలల కిందట ఇంట్లోకొచ్చింది. ఆమె భర్త ఆదిశేషయ్యకి తిరువూరు బజార్లో కిరాణా కొట్టుంది. గంపలగూడెం, పెనుగొలను నించి బళ్ళు కట్టుకుని వచ్చే బేరగాళ్ళతో కలిసి పొద్దస్తమానం టీ తాగేవాడు. అదీ దుమ్ము టీ, నల్లగా మరగబెట్టింది. ఒకనాడు మిరపకాయల బస్తాకి చెయ్యానించి అట్లాగే కూలబడ్డాడు. డాక్టరు జగన్నాథరావుగారు నాడి చూసి, "టీలో కెఫీన్ అని ఒక సత్తు ఉంటుందండీ. మీ గుండెని పరిగెత్తిస్తోంది అదే. మానెయ్యండి" అన్నారు. పుట్టు వర్తకుడు బేరమాడకుండా దేన్ని వదులుతాడు? పోనీ రోజుకి రెండన్న డాక్టరుతో నాలుగు గ్లాసుల దగ్గర బేరం తెగ్గొట్టాడు. షరతులు మాత్రం డాక్టరుగారివి. దుమ్ము కొనకూడదు, ఆకు టీయే కొనాలి. కుంపటి మీద మరిగించకూడదు. ఆకు మీద వేడినీళ్ళు పోసి, అయిదు నిమిషాలుంచి, ఆ మొదటి నీళ్ళు పారబొయ్యాలి. సత్తంతా వాటితో పోతుంది. మళ్ళీ పోసిన నీళ్ళకే పాలు కలిపి ఇవ్వాలి.

మొదటిరోజు సుబ్బరత్నం గిన్నె పట్టుకుని పెరటి గడప దాటబోతుంటే హనుమాయమ్మ అడ్డం వచ్చింది. "ఏమే, ఏంటది? చూస్తూ చూస్తూ అంత ఎర్రటి నీళ్ళు మట్టిపాలు చేస్తావా? నువ్వు తాగెయ్యరాదూ!" ఆ ఇంట్లో పారబొయ్యడమనే మాట లేదు. మాడిన అన్నానికీ, పులిసిపోయిన మజ్జిగకీ, నిన్నటి కూరకీ ఒక దారుంది. ఆ దారి కోడలి కంచంలోకి. ఆమె గడపలో నిలబడే తాగింది. చేదు. రోజుకి నాలుగు గిన్నెలు.

నెల తిరిగేసరికి ఆదిశేషయ్య గురక వీధిలోకి వినపడసాగింది. సుబ్బరత్నానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. బియ్యం ఏరుతుంటే వేళ్ళు వణికేవి. నీళ్ళ బిందె ఎత్తితే గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. "ఏమండీ, నాకు గుండె దడగా ఉంటోంది" అంటే, "నీకెందుకే దడ? కొట్టు నువ్వు నడుపుతున్నావా?" అన్నాడు. "మా రోజుల్లో దడలు లేవమ్మా, పనులుండేవి" అంది అత్తగారు. నిజమే కాబోలు, తనలోనే ఏదో తక్కువ కాబోలు అనుకుంది. ఇట్లా కొట్టుకుని కొట్టుకుని ఒకరోజు ఆగిపోతే? ఆయన టీకి మూడొందలు ఎవరు లెక్కపెడతారు? ముందుగా తోచింది అదే. అట్లా తోచినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

నిన్న డాక్టరుగారు ఆయన్ని చూడ్డానికి వచ్చి, "భేష్, గుండె బాగుంది" అన్నారు. "నేను నియమం గట్టిగా పట్టానండీ" అన్నాడు ఆదిశేషయ్య. తలుపు వారగా నిలబడ్డ సుబ్బరత్నం ధైర్యం చేసి తన సంగతి చెప్పింది.

"టీ ఎన్నిసార్లు తాగుతావమ్మా?"

"నేను టీ తాగనండీ."

అబద్ధం కాదు. టీ అంటే పాలూ పంచదారా వేసి, గ్లాసులో పోసి, ఒకరు తెచ్చి చేతికిచ్చేది. నిలబడి గిన్నెతో మింగేది టీ ఎట్లా అవుతుంది?

డాక్టరుగారు చెప్పులు తొడుక్కుంటూ, "మొదటి నీళ్ళు పారబోస్తున్నారు గదా?" అన్నారు.

"లేదండీ. దండగెందుకని నేనే..."

ఆయన కాలు ఆగింది. "నాలుగుసార్లూనా? అమ్మా, ఆయన గుండెకి పోకూడదని తీసిందంతా నీ గుండెలో పోసుకుంటున్నావు!"

ఆదిశేషయ్య నవ్వాడు. "పోనీండి డాక్టరుగారూ, మన సరుకు మనింట్లోనే ఉంది."

ఇవాళ మూడొందలు పూర్తయ్యాయి. సుబ్బరత్నం నీళ్ళు వేరే గిన్నెలోకి వంపి, గుడ్డతో పట్టుకుని పెరటివైపు నడిచింది.

"ఎక్కడికే?"

"పారబొయ్యడానికి."

"ఎవడో డాక్టరు కూశాడని? ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?"

"అయితే మీరు తాగండి అత్తయ్యా." పంతొమ్మిదేళ్ళ కాపరంలో మొదటిసారి ఆమె ఒక గిన్నె ఇట్లా ఎదురు చాపింది. "వేడిగానే ఉంది."

హనుమాయమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. "నాకొద్దమ్మా. నువ్వు చూడకుండా ఆ మొదటిరోజే రెండు గుక్కలు తాగి చూశా. తెల్లార్లూ ఒకటే గుండె దడ."

సుబ్బరత్నం పెరటి గడప దాటింది. గిన్నె వంచింది. పెరట్లో మట్టి ఎర్రగా తడిసింది.

"టీ ఏదే?" ముందుగదిలోంచి కేక.

"మీ అమ్మగారు తెస్తారు" అని చెప్పి, పట్టపగలు, చాప పరుచుకుని పడుకుంది.