హనుమప్ప చెప్పిన స్కోరు

నా నోటిదూల నన్ను ఎప్పుడో ఒకప్పుడు నడిబజార్లో నిలబెడుతుందని మా అమ్మ అంటూనే ఉండేది. నిలబెట్టింది. కాకపోతే దోహాలో.

తొంభై ఆరు ఉగాదికి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక స్కూలు హాలు తీసుకుని తెలుగువాళ్ళమంతా పండగ చేసుకున్నాం. క్విజ్ నాది. టీచర్ని కదా, ప్రశ్నలు అడగడమన్నా మైకన్నా నాకు మోజు. హాల్లో ముందు వరసలు ఇంజనీర్ల కుటుంబాలవి, వెనక గోడ పక్కన కుర్చీలు డ్రైవర్లవి. మైకులో డ్రైవరు పేరు వినిపించిందంటే అతని బండి ఎవరికో అడ్డంగా ఉందని అర్థం. ఇంకెందుకూ వాళ్ళ పేరు పిలవం. అందుకే పాపం తాళాలు చేతిలోనే పట్టుకుని కూర్చుంటారు.

ఆ ఏడు అట్లాంటాలో ఒలింపిక్స్. అందుకని అడిగాను, "పంతొమ్మిది వందల ముప్పై రెండు లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండా ఊరికే ప్రదర్శనగా ఆడించిన ఆట ఏది?" నా కార్డు మీద లాక్రాస్ అని ఉంది. రెండు జట్లూ నోరు తెరవలేదు. హాల్లో ఎవరైనా చెప్పొచ్చన్నాను.

వెనక నుంచి హనుమప్ప లేచాడు. అనంతపురం వైపు మనిషి. దోహా పక్కనే అల్ వక్రాలో ఒక అమెరికన్ ఇంట్లో అతను డ్రైవరు, అతని భార్య అంకాలమ్మ వంటమనిషి.

"అమెరికావోళ్ళ ఫుట్‌బాలమ్మా. బంతి చంకలో పెట్టుకొని పరిగెత్తేది. లోకానికి చూపించేదానికి ఆడినారంట. ఏడుకి ఆరు. పడమటోళ్ళు గెలిచినారు."

కాదని ఊరుకుంటే సరిపోయేది. ముందు వరసలో ఎవరో నవ్వారు, దాంతో నాకు హుషారొచ్చింది. "హనుమప్పా, స్కోరు సంగతి తర్వాత. ముందు నీ బండి ఎవరికైనా అడ్డంగా ఉందేమో చూసి రా నాయనా" అన్నాను.

హాలంతా గొల్లుమంది. అతను నిజంగానే వెళ్ళి చూసొచ్చి, గుమ్మంలో నిలబడి "లేదమ్మా, పక్కకే పెట్టినా" అన్నాడు. మళ్ళీ నవ్వారు. అంకాలమ్మ మాత్రం తల వంచుకుని కొంగు సర్దుకుంటూ ఉండిపోయింది.

జూన్‌లో మా స్కూలు లైబ్రరీకి ఒలింపిక్స్ పుస్తకం వచ్చింది. ముప్పై రెండో సంవత్సరం పేజీ తీశాను. ప్రదర్శన ఆటలు రెండు. లాక్రాస్, దాని పక్కనే అమెరికన్ ఫుట్‌బాల్. పశ్చిమ జట్టు ఏడు, తూర్పు జట్టు ఆరు. ఆ పేజీ ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం మావారు రామకృష్ణారావుకి చెప్పాను. "ఇప్పుడెవరికి గుర్తుంటుంది శకుంతలా, డ్రైవరే కదా" అన్నారాయన. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ రోజు నేను అనుకున్నదీ అదే కదా మరి.

వారం తర్వాత హనుమప్ప కిరాణా కొట్టు దగ్గర బియ్యం బస్తా డిక్కీలో పెడుతూ కనిపించాడు. ఆ ఆట సంగతి నీకెలా తెలుసని అడిగాను.

"మా సారు వాళ్ళ నాయన చలికాలంలో వచ్చి రెండు నెలలుండె. పదేండ్ల పిల్లోడప్పుడు ఆ ఆట చూసినాడంట. కార్లో కూర్చుంటే అదే కథ. ముసలాయన మాట ఇనేదానికి ఇంట్లో ఎవురికీ తీరదు. నేనే ఇంటాంటి."

"మరి ఆ రోజు గట్టిగా చెప్పలేదేం?"

"మీరు టీచరమ్మ. మీ కాగితంలో లేదంటే లేనట్టే కదమ్మా." బస్తా సర్ది మెల్లగా అన్నాడు, "నాకేం లేదు. అంకాలమ్మే, మీ పండగలకి ఇంక రానంటాది."

తప్పయిందన్న మాట గొంతు దాకా వచ్చింది. సిగ్గు దాన్ని బయటికి రానివ్వలేదు. "దీపావళికి ఎలాగైనా తీసుకురా" అని మాత్రం చెప్పి, తేలు కుట్టిన దొంగలా వచ్చేశాను.

దీపావళికి ఇద్దరూ వచ్చారు. ఉగాదినాటి తప్పు మైకులోనే దిద్దుకుందామని నిశ్చయించుకున్నాను. మావారు ముందే చెవిలో వేశారు, పేరు వద్దు, "ఒకరు సరిగ్గా చెప్పారు" అంటే చాలని. మైకు తీసుకునేదాకా నేనూ అలాగే అనుకున్నాను. వెనక అంకాలమ్మ కనిపించాక ఆ "ఒకరు" నోట్లోంచి రాలేదు.

"హనుమప్ప..." అన్నాను. గారు అనబోయాను.

ఈలోపే అతను లేచాడు. "తీస్తాండా అమ్మా" అంటూ తాళాలు పట్టుకుని గబగబా బయటికి వెళ్ళిపోయాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

నేను ఆగలేదు. తప్పు నాదని, ఉగాదినాడు సరైన జవాబు చెప్పింది హనుమప్ప గారని, ఆయన చెప్పిన స్కోరు కూడా అక్షరాలా నిజమని, అంతా చెప్పేశాను.

అంకాలమ్మ లేచి నిలబడింది. "ఆయప్ప బయట ఉండాడమ్మా. వచ్చినాక ఇంకొకతూరి చెప్పు."

మైకు పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. అతను రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరికీ అడ్డం లేని బండిని ఎక్కడికి తియ్యాలో తెలియక తిరుగుతున్నాడు కాబోలు.